ప్రయోగంలో నెగ్గి అమలులో ఓడిపోయే పథకాలు

(విజయవాడలో డిగ్రీ, పీజీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, మండల స్థాయి ఉద్యోగులు హాజరైన సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది. మాటల వరస కొన్నిచోట్ల మాత్రమే సరిచేశాం.)

అందరికీ నమస్కారం.

మంచి పరిశోధనలు మంచి ప్రభుత్వ పథకాలుగా ఎందుకు మారవు అన్నది ఈ రోజు నాకిచ్చిన అంశం. దీనికి మనం తరచుగా వినే జవాబు ఒకటుంది. నాయకులకు పట్టదు, ఉద్యోగులు పని చెయ్యరు, అంతే. ఈ జవాబుతో నాకు పేచీ ఉంది. నిజంగా జరిగిన ప్రయోగాలను దగ్గరగా చూస్తే, శ్రద్ధ ఉన్న అధికారి, కష్టపడే ఉద్యోగి ఇద్దరూ ఉన్నచోట కూడా మంచి ఆలోచన నీరుగారిపోయిన సందర్భాలు కనిపిస్తాయి. అలాంటివి కొన్ని మీ ముందు పెడతాను. కొన్ని బయటి రాష్ట్రాలవి, బయటి దేశాలవి. కొన్ని మన దగ్గరవే.

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాతో మొదలుపెడతాను. అక్కడ సేవా మందిర్ అనే స్వచ్ఛంద సంస్థ మారుమూల పల్లెల్లో ఏకోపాధ్యాయ బడులు నడిపేది. టీచరు రాకపోతే ఆ రోజు బడి లేనట్టే. తనిఖీకి వెళ్ళినప్పుడు 42 శాతం సార్లు టీచరు ఉండేవాడు కాదు. 2003లో ఆ సంస్థ, ఎస్తర్ డఫ్లో, మరికొందరు ఆర్థికవేత్తలు కలిసి కొన్ని బడుల్లో టీచర్లకు కెమెరాలు ఇచ్చారు. పొద్దున బడి మొదలయ్యేటప్పుడు ఒకటి, బడి వదిలేటప్పుడు ఒకటి, పిల్లలతో కలిసి ఫొటో తీయించుకోవాలి. ఫొటో మీద తేదీ, సమయం పడతాయి, వాటిని మార్చడం కుదరదు. వచ్చిన రోజుల్ని బట్టి జీతం 500 రూపాయల నుంచి 1,300 దాకా ఉంటుంది. గైర్హాజరు 42 నుంచి 21 శాతానికి పడిపోయింది. పిల్లల మార్కులు కూడా పెరిగాయి. ప్రపంచమంతా ఈ ఫలితం గురించి మాట్లాడుకుంది.

అదే జిల్లా, అదే సంస్థ, దాదాపు అదే పరిశోధకులు. ఈసారి ప్రభుత్వ ఆరోగ్య ఉపకేంద్రాలు. అక్కడి ఏఎన్ఎంలు కూడా చాలా రోజులు ఉండేవాళ్ళు కాదు, సగానికి పైగా సార్లు వెళ్ళినవాళ్ళకు తాళమే కనిపించేది. ప్రభుత్వం ఒప్పుకుంది. తేదీ, సమయం ముద్రించే యంత్రం పెట్టారు. రానివాళ్ళ జీతంలో కోత పెడతామన్నారు. మొదటి కొన్ని నెలలు హాజరు బాగా పెరిగింది. ఆ తర్వాత నెమ్మదిగా ఒక మార్పు మొదలైంది. రిజిస్టర్లలో మినహాయింపు రోజులు పెరుగుతూ పోయాయి. ఈ రోజు మీటింగు, రేపు సర్వే, ఎల్లుండి ఇంకేదో డ్యూటీ. పై అధికారి సంతకం పెట్టేవాడు, జీతం కోత పడేది కాదు. ఏడాదిన్నర తిరిగేసరికి యంత్రం ఉన్న ఉపకేంద్రానికీ లేనిదానికీ తేడా లేకుండా పోయింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఆలోచన ఒకటే: హాజరును నమ్మదగిన పద్ధతిలో కొలవడం, దాన్ని జీతానికి కట్టడం. ఒకచోట పనిచేసింది, ఇంకోచోట చచ్చిపోయింది. తేడా కెమెరాకూ, సమయం ముద్రించే యంత్రానికీ మధ్య లేదు. సేవా మందిర్ బడుల్లో జీతం ఇచ్చేదీ, హాజరు కావాలని కోరుకునేదీ ఒకే సంస్థ. ఉపకేంద్రాల్లో కోత పెట్టాల్సిన అధికారి వేరు, ఆ కోత కోరుకున్నవాళ్ళు వేరు. ఆ అధికారి మరుసటి రోజు అదే ఏఎన్ఎం చేత పల్స్ పోలియో చేయించాలి, నెలాఖరుకు రిపోర్టు రాయించాలి. ఆమె సహకారం లేకపోతే ఆయన పని ఆగిపోతుంది. జీతం కోసి ఆయన బాగుపడేది ఏమీ లేదు. జనం వైపు నుంచి కూడా ఒత్తిడి రాలేదు. వాళ్ళు ఎప్పటినుంచో ప్రైవేటు వైద్యుల దగ్గరకూ, చదువు లేని వైద్యుల దగ్గరకూ పోవడానికి అలవాటు పడ్డారు. ఉపకేంద్రం తెరిచినా మూసినా వాళ్ళకు పెద్ద తేడా కనిపించలేదు.

ఏఎన్ఎంను నేను తప్పు పట్టడం లేదని స్పష్టంగా చెప్పాలి. ఈ హాల్లో ఏఎన్ఎంలు కూడా ఉన్నారు. మీరు ఒక రోజులో ఎన్ని యాప్‌లు తెరుస్తారో, ఎన్ని ఇళ్ళు తిరుగుతారో తెలిసినవాళ్ళెవరూ మిమ్మల్ని సోమరులు అనరు. నేను అడిగేది పరిశోధకుల్ని. మొదటి ప్రయోగంలో వాళ్ళు పరీక్షించింది కెమెరాను మాత్రమే కాదు. కెమెరా, దాని వెనక సేవా మందిర్, ఆ సంస్థ క్రమశిక్షణ, ఫొటోలను నెలనెలా కూర్చుని లెక్కపెట్టే మనుషులు, అందరూ కలిసి పరీక్షకు కూర్చున్నారు. ఫలితం వచ్చాక పత్రికల్లో పేరు కెమెరాకు వచ్చింది.

కెన్యాలో ఇదే కథ ఇంకా పెద్దగా జరిగింది. పశ్చిమ కెన్యాలో ఒక స్వచ్ఛంద సంస్థ బడుల్లో కాంట్రాక్టు టీచర్లను అదనంగా పెడితే పిల్లల చదువు మెరుగైంది. దేశమంతటా అదే చేయాలనుకున్నారు. అయితే ఈసారి పరిశోధకులు ఒక తెలివైన పని చేశారు. అదే పథకాన్ని కొన్ని బడుల్లో స్వచ్ఛంద సంస్థ చేత, మరికొన్నింటిలో విద్యాశాఖ చేత నడిపించారు. ఎవరి చేతికి ఏ బడి అన్నది లాటరీ. సంస్థ నడిపిన చోట పిల్లలు ముందుకు వెళ్ళారు. విద్యాశాఖ నడిపిన చోట ప్రభావం సున్నా. జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి, పర్యవేక్షణ పలచబడింది, టీచర్ల సంఘం రంగంలోకి దిగింది, కాంట్రాక్టు టీచర్లను పర్మినెంట్ చేస్తామన్న హామీలు వచ్చాయి. పర్మినెంట్ కావాలనుకోవడం ఆ టీచర్ల తప్పు కాదు. కానీ "కాంట్రాక్టు కాబట్టి జాగ్రత్తగా పనిచేస్తారు" అన్న లెక్క మీద కట్టిన పథకం, ఆ లెక్క కదలగానే కూలిపోయింది. బడుల్లో తాత్కాలికంగా పెట్టిన మన విద్యా వాలంటీర్ల చరిత్ర తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ప్రపంచంలో చదువు మీద జరిగిన పెద్ద ప్రయోగాల్లో కొన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగాయి. 2005 నుంచి ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అయిదు జిల్లాల్లో వందల ప్రభుత్వ పాఠశాలల్లో రకరకాల ప్రయోగాలు చేశారు. అందులో రెండు ఇవాళ్టి అంశానికి బాగా పనికొస్తాయి.

ఒకటి, బడికి నేరుగా కొంత సొమ్ము ఇవ్వడం. పిల్లలకు నోటు పుస్తకాలు, పలకలు, సామాన్లు కొనడానికి. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది పెరుగుదల ఆగిపోయింది. సొమ్ము అంతే ఇచ్చారు, బడులు అవే, ఖర్చు కూడా సక్రమంగానే జరిగింది. మరి ఏమైంది? మొదటి ఏడు ఆ సొమ్ము వస్తుందని తల్లిదండ్రులకు ముందు తెలియదు. పుస్తకాలు వాళ్ళు కొన్నారు, బడీ కొన్నది. రెండో ఏడు బడిలో ఇస్తారని తెలిసింది కాబట్టి ఇంట్లో కొనడం తగ్గించారు. ఇందులో తల్లిదండ్రుల తెలివి ఉంది, పేదరికం ఉంది, ఆ మిగిలిన డబ్బు బియ్యానికో మందులకో పోయి ఉంటుంది. కుటుంబానికి మేలే జరిగింది. కానీ ఒక్క ఏడాది ప్రయోగం చేసి, మార్కులు పెరిగాయి కాబట్టి రాష్ట్రమంతా ఇద్దాం అని ఎవరైనా రాసి ఉంటే, ఆ రిపోర్టులో ప్రతి అంకె నిజమే అయ్యేది, చెప్పిన మాట మాత్రం తప్పయ్యేది. ప్రభుత్వ పథకం అంటేనే జనానికి ముందుగా తెలిసేది. ఒకసారి తెలిశాక జనం తమ లెక్కలు మార్చుకుంటారు. చిన్న ప్రయోగంలో ఇది కనపడదు.

రెండోది, టీచర్లకు సమాచారం ఇవ్వడం. ఏడాది మొదట్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఏ పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా రాసి, ఎలా వాడుకోవాలో చెప్పి టీచరు చేతికి ఇచ్చారు. పరిశీలకులు వెళ్ళినప్పుడు ఈ బడుల్లో టీచర్లు మరింత చురుగ్గా పాఠాలు చెబుతూ కనిపించారు. ఏడాది చివర పరీక్షలో మాత్రం మిగతా బడులకూ వీటికీ తేడా లేదు. మనం చూస్తున్నప్పుడు కనిపించేది, మనం లేనప్పుడు జరిగేది వేరు వేరు అని ఇంతకంటే స్పష్టంగా ఎలా తెలుస్తుంది? మన పథకాల సమీక్షలన్నీ తనిఖీల మీద, ఫొటోల మీద, టెలికాన్ఫరెన్సుల మీద నడుస్తాయి. అధికారి వెళ్ళిన రోజున అన్నీ బాగానే ఉంటాయి. ఆ రోజు కనిపించిన దాన్ని బట్టి పథకం విజయమని రాసేస్తాం.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ, పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థది. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఓడిపోయిన ప్రతిసారీ కారణం వెతికిన సంస్థలు అరుదు. వాళ్ళ ఆలోచన చాలా సులువైనది. అయిదో తరగతి పిల్లవాడికి రెండో తరగతి వాచకం చదవడం రాకపోతే, వాడికి అయిదో తరగతి పాఠం చెప్పడం దండగ. పిల్లల్ని తరగతిని బట్టి కాకుండా, వాళ్ళకు ఏం వచ్చో దాన్ని బట్టి కూర్చోబెట్టి, అక్కడినుంచి నేర్పాలి. 2001 తర్వాత ముంబయి, వడోదరల్లో బాలసఖి అనే పేరుతో స్థానిక అమ్మాయిలు ఇలా నేర్పితే పిల్లలు బాగా నేర్చుకున్నారు.

తర్వాత ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో ఊళ్ళల్లో వాలంటీర్ల చేత సాయంకాలం తరగతులు పెట్టించారు. వచ్చిన పిల్లలు అద్భుతంగా నేర్చుకున్నారు. కానీ వచ్చినవాళ్ళు తక్కువ, పిల్లల్లో పదో వంతు కూడా లేరు. అయితే బడిలోకే వెళ్దామనుకున్నారు. బిహార్‌లో 2008 వేసవి సెలవుల్లో ప్రభుత్వ టీచర్లకే కొంత అదనపు డబ్బు ఇచ్చి, ఈ పద్ధతిలో నెల రోజులు చెప్పించారు. పిల్లలు ముందుకెళ్ళారు. అంటే ప్రభుత్వ టీచరుకు ఈ పని రాదన్న మాట అబద్ధం. ఆ తర్వాత అదే రాష్ట్రంలో మామూలు బడి రోజుల్లో టీచర్లకు శిక్షణ, పుస్తకాలు ఇచ్చి చూశారు. ఏ ప్రభావమూ లేదు. ఉత్తరాఖండ్‌లో వాలంటీర్లను కూడా ఇచ్చారు. అక్కడి బడులు ఆ వాలంటీర్లను మామూలు తరగతి పనుల్లోకి కలిపేసుకున్నాయి. ఒక మనిషి అదనంగా దొరికితే, టీచర్లు చాలని బడి ఇంకేం చేస్తుంది?

వేసవిలో పనిచేసిన టీచరు జూన్‌లో ఎందుకు పనిచేయలేకపోయింది? ఇక్కడ ఉపాధ్యాయులు ఉన్నారు, మీకు వెంటనే తెలుస్తుంది. వేసవిలో సిలబస్ లేదు. జూన్‌లో సిలబస్ ఉంది. ఫలానా తేదీకి ఫలానా పాఠం పూర్తి కావాలి, ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి, వచ్చి అడిగేది అదే. రెండో తరగతి స్థాయిలో ఆగిన పిల్లవాడి కోసం ఎవరూ అడగరు. శిక్షణలో ఒకటి చెప్పి, వ్యవస్థలో మరొకటి అడిగితే, టీచరు అడిగిన దానికే జవాబు చెబుతుంది. అది న్యాయం కూడా.

ఇది గ్రహించాక 2012-13లో హర్యానాలో పద్ధతి మార్చారు. బడి సమయానికి ఒక గంట కలిపారు. ఆ గంటలో సిలబస్ లేదు, తరగతులు లేవు, పిల్లలు వాళ్ళ స్థాయిని బట్టి కూర్చుంటారు. పర్యవేక్షించే బ్లాకు స్థాయి ఉద్యోగుల చేత ముందుగా కొన్ని వారాల పాటు ఈ పద్ధతిలో పిల్లలకు స్వయంగా పాఠాలు చెప్పించారు. అంటే టీచరు దగ్గరకు వచ్చే మనిషి ఆ పని తన చేత్తో చేసి వచ్చిన మనిషి. హిందీ చదవడంలో స్పష్టమైన ఫలితం వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో బడి వ్యవస్థ మరీ బలహీనంగా ఉన్నచోట ప్రథమ్ మనుషులే బడికి వెళ్ళి, పది, ఇరవై రోజుల చొప్పున శిబిరాలు నడిపారు. అక్కడ ఫలితం ఇంకా పెద్దది. ఆలోచన మొదటినుంచీ ఒకటే. దాన్ని ఎవరు, ఏ గంటలో, ఎవరి కంటి కింద చేయాలో కనుక్కోవడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఈ పన్నెండేళ్ళ పనిని మనం పరిశోధన అని పిలవం. అమలు వివరాలు అంటాం, కింది ఉద్యోగులకు వదిలేస్తాం. నా అభిప్రాయంలో అసలు పరిశోధన ఇదే. 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో, మైకేల్ క్రెమర్‌లకు నోబెల్ వచ్చినప్పుడు వార్తలన్నీ ప్రయోగాల పద్ధతి గురించే వచ్చాయి. ఆ పద్ధతికి నేనూ దండం పెడతాను. దానితో పాటు ఈ నిదానాన్ని కూడా గుర్తుపెట్టుకోవాల్సింది.

చదువు నుంచి పొలానికి వద్దాం. మన కృష్ణా డెల్టాలో శ్రీ వరి పేరు వినని రైతు ఉండడు. మడగాస్కర్‌లో 1980లలో పుట్టిన పద్ధతి. 2003 ఖరీఫ్‌లో మన వ్యవసాయ విశ్వవిద్యాలయం రాష్ట్రమంతటా రైతుల పొలాల్లో ప్రదర్శనలు పెట్టింది. ఎకరానికి రెండు కిలోల విత్తనం చాలు, నీళ్ళు తక్కువ, దిగుబడి ఎక్కువ. శ్రద్ధగా చేసిన పొలాల్లో మంచి ఫలితాలు వచ్చాయి. మరి ఇప్పుడు తెనాలి వైపో, ఉయ్యూరు వైపో వెళ్ళి చూడండి, ఎంతమంది చేస్తున్నారు?

ఎనిమిది నుంచి పన్నెండు రోజుల లేత నారు, మొక్కకు మొక్కకు 25 సెంటీమీటర్లు, ఒక్కొక్క మొక్క చొప్పున నాటాలి. ముఠా కూలీలు ఎకరానికింత అని గుత్తకు వస్తారు. వాళ్ళ వేగం కుదురుకు నాలుగైదు మొక్కలు పెట్టడంలో ఉంది. ఒక్క లేత మొక్కను గీత చూసుకుని నాటమంటే వాళ్ళ రోజు కూలి పడిపోతుంది. పొలంలో నీళ్ళు నిలవకుండా ఆరబెడుతూ తడపాలి. బోరు కింద రైతు అది చేయగలడు. కాలవ కింద, పై చేలోంచి కింది చేలోకి నీళ్ళు పారే చోట, నీ మడిని మాత్రం ఆరబెట్టడం నీ చేతిలో ఉండదు. నీళ్ళు నిలవకపోతే కలుపు వస్తుంది, కోనోవీడర్ తిప్పాలి, నల్లరేగడిలో దాన్ని తొయ్యడం ఎంత బరువో తిప్పినవాళ్ళకు తెలుసు. ప్రదర్శన పొలంలో ఈ ప్రతి అడ్డంకి దగ్గరా ఒక అధికారి, ఒక శాస్త్రవేత్త, కొంత సాయం ఉన్నాయి. మామూలు పొలంలో రైతు ఒక్కడే. కూలీలు దొరకనప్పుడూ, కాలవ నీళ్ళు ఆలస్యమైనప్పుడూ ఈ ప్రాంతపు రైతు వెదజల్లే పద్ధతికి వెళ్ళాడు. ఎవరూ ప్రచారం చెయ్యకముందే వెళ్ళినవాళ్ళున్నారు. అతనికి కావలసింది కూలి తగ్గించే పద్ధతి. మనం ఇచ్చింది కూలిలో నేర్పు పెంచమని అడిగే పద్ధతి.

దీని పక్కన ఇంకో పరిశోధనను పెట్టి చూడండి. బాపట్ల వ్యవసాయ కళాశాలలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204, మన సాంబ మసూరి. దానికి తెగుళ్ళు ఎక్కువ, ఎండాకు తెగులు వస్తే తట్టుకోలేదు, గాలివానకు పడిపోతుంది. శాస్త్రీయంగా చూస్తే లోపాలున్న రకం. అయినా దేశంలో ఎన్నో రాష్ట్రాలకు పాకింది. రైతు చేసే పనిలో ఏమీ మార్చమని అది అడగలేదు. అదే నారు, అదే ముఠా, అదే కాలవ. మారింది విత్తనం ఒక్కటే. బియ్యం సన్నగా, తినడానికి బాగుంది కాబట్టి మిల్లరు ఎక్కువ ధర ఇచ్చాడు. వ్యాపారి, మిల్లరు, వండుకునే ఇల్లాలు, అందరూ దాన్ని ముందుకు తోశారు. ఆ తర్వాత హైదరాబాదు శాస్త్రవేత్తలు దానికి ఎండాకు తెగులును తట్టుకునే గుణం చేర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చారు. అలవాటైన గింజను మార్చకుండా జబ్బును మాత్రమే తీసేయాలనుకోవడం, రైతును గౌరవించిన పరిశోధన అని నేను అంటాను.

ఇంటి లోపలి సంగతి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1980లో తమిళనాడులో మొదలైన పోషకాహార కార్యక్రమంలో పిల్లల్ని తూచడం, బరువు తగ్గినవాళ్ళకు అదనపు ఆహారం ఇవ్వడం, తల్లులకు ఏం పెట్టాలో చెప్పడం జరిగింది. ఫలితాలు వచ్చాయి. దాన్ని నమూనాగా తీసుకుని 1990లలో బంగ్లాదేశ్‌లో చేస్తే అనుకున్నంత ప్రభావం కనిపించలేదు. అక్కడి చాలా ఇళ్ళల్లో సరుకులు కొనేది మగవాళ్ళు. ఎవరికెంత వడ్డించాలో నిర్ణయించేది అత్తగారు. కార్యక్రమం చెప్పింది మాత్రం కోడలికి. విన్నదంతా ఆమెకు అర్థమైంది, చెయ్యడానికి ఆమె చేతిలో ఏమీ లేదు.

అమెరికాలో కూడా ఇలాంటివే. టెనెస్సీలో 1980లలో తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించి చూస్తే మేలు జరిగింది. 1996లో కాలిఫోర్నియా ఆ పని రాష్ట్రమంతటా ఒక్కసారిగా చేసింది. అన్ని వేల మంది మంచి టీచర్లు రాత్రికి రాత్రి ఎక్కడినుంచి వస్తారు? అర్హత పూర్తిగా లేనివాళ్ళను తీసుకున్నారు, పేద ప్రాంతాల బడుల్లోంచి అనుభవం ఉన్నవాళ్ళు మంచి బడులకు వెళ్ళిపోయారు. చిన్న ప్రయోగానికి టీచర్లు దొరుకుతారు. రాష్ట్రానికి దొరకరు.

ఇంతవరకు పథకాన్ని అమలు చేసే చేతుల గురించి చెప్పాను. కాలం గురించి కూడా చెప్పాలి, అది మన శ్రీకాకుళం మనిషి కథ. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టి, విశాఖలో వైద్యం చదివారు. 1956 నుంచి హిమాలయాల దగ్గర కాంగ్రా లోయలో ఆయన బృందం ఒక ప్రాంతానికి మామూలు ఉప్పు, మిగతా వాటికి అయోడిన్ కలిపిన ఉప్పు సరఫరా చేసి చూసింది. అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపు జబ్బు బాగా తగ్గింది. సందేహం లేని ఫలితం. 1962లో జాతీయ కార్యక్రమం మొదలైంది. దేశమంతా అయోడిన్ ఉప్పే ఉండాలన్న నిర్ణయం మాత్రం 1983 దాకా రాలేదు. మామూలు ఉప్పు అమ్మకాన్ని దేశమంతటా నిషేధించింది 1998లో. 2000లో ఆ నిషేధం ఎత్తేశారు. మళ్ళీ 2006లో పెట్టారు. కాంగ్రాలో మొదలుపెట్టిన నాటినుంచి యాభై ఏళ్ళు!

ఆ యాభై ఏళ్ళలో సైన్సు కొత్తగా నిరూపించాల్సింది పెద్దగా లేదు. మిగిలింది అంతా కర్మాగారాలు, రైళ్ళు, అనుమతులు. ప్రభుత్వ ప్లాంట్లు సరిపోక ప్రైవేటు తయారీదారులను అనుమతించాల్సి వచ్చింది. రైల్వేలో రక్షణ శాఖ సరుకుల తర్వాతి ప్రాధాన్యం అయోడిన్ ఉప్పుకు ఇచ్చారు. చినగంజాం లాంటి చోట్ల మళ్ళు కట్టుకుని ఉప్పు పండించే చిన్న రైతుల బతుకు ఏమిటన్న ప్రశ్న కూడా ఉంది, అది చిన్న ప్రశ్న కాదు. చివరికి ఈ పథకం గట్టిపడటానికి ఒక కారణం, వంట చేసే మనిషిని కొత్తగా ఏమీ చెయ్యమని అడగకపోవడం. రాళ్ళ ఉప్పు డబ్బాలోకి ప్యాకెట్ ఉప్పు వచ్చింది, అంతే. కోట్ల ఇళ్ళల్లో అలవాటు మార్చడం కంటే, కొన్ని వందల కర్మాగారాల్లో ఒక పని చేయించడం సులువు. మీరు రేపు ఏ పథకాన్ని చూసినా, ఇది ఎన్ని చేతుల్ని మారమంటోంది అని లెక్కపెట్టండి.

ఆఫీసుల లోపల జరిగేది కూడా ఒకటుంది. అమెరికాలో 30 నగరాల్లో జరిగిన 73 ప్రయోగాలను కొందరు పరిశోధకులు తర్వాతి కాలంలో వెనక్కి వెళ్ళి చూశారు. జనానికి పంపే ఉత్తరాలు, నోటీసులు ఎలా రాస్తే బాగా పనిచేస్తాయో ఆ నగరాలే పరీక్షించుకున్నాయి. పరీక్షించినవాటిలో చివరికి అమలైనవి 27 శాతం మాత్రమే. ఫలితం ఎంత బలంగా ఉందన్నది అమలును పెద్దగా నిర్ణయించలేదు. నగరం అప్పటికే పంపుతున్న ఉత్తరంలో మార్పు అయితే చాలావరకు నిలిచింది. కొత్తగా మొదలుపెట్టాల్సిన ఉత్తరం అయితే ఆగిపోయింది. ఆఫీసులో ఒక పనికి అప్పటికే ఒక కుర్చీ, ఒక ఫైలు, ఒక తేదీ ఉంటే మంచి ఆలోచన దాని మీద కూర్చుంటుంది. అవి లేకపోతే రిపోర్టు అలమారాలోకి వెళ్తుంది.

ఓటములే చెప్పి వదిలేయడం నాకిష్టం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే పెద్ద ఎత్తున నెగ్గినది ఒకటుంది. ఉపాధి హామీ కూలి, పింఛన్లు స్మార్ట్ కార్డుల ద్వారా, వేలిముద్ర చూసి ఊళ్ళోనే ఇవ్వడం. 2010 తర్వాత 157 మండలాల్లో, 1.9 కోట్ల జనాభా ఉన్న ప్రాంతంలో, ఏ మండలానికి ముందు ఇవ్వాలో లాటరీ వేసి అమలు చేశారు. నడిపింది ప్రభుత్వమే, మామూలు సిబ్బందితోనే. రెండేళ్ళ తర్వాత కూడా ఆ మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కార్డుల ద్వారా జరుగుతున్నాయి. అంటే అమలు సగమే. అయినా కూలి త్వరగా అందింది, మధ్యలో మాయమయ్యే డబ్బు బాగా తగ్గింది. ప్రయోగమే పథకమంత పెద్దది కాబట్టి ఈ ఫలితాన్ని నమ్మవచ్చు.

ఇందులో నన్ను కదిలించిన విషయం వేరే ఉంది. 2013 ప్రాంతంలో ఈ పథకాన్ని ఆపేద్దామన్న ఆలోచన ప్రభుత్వంలో బలంగా వచ్చింది. పై అధికారులకు కిందినుంచి ఫిర్యాదులే వస్తున్నాయి. మిషన్ పనిచేయడం లేదు, ముసలివాళ్ళకు వేలిముద్ర పడటం లేదు అని. వాటిలో నిజమైన ఇబ్బందులు ఉన్నాయి. కానీ గట్టిగా మాట్లాడినవాళ్ళలో, పాత పద్ధతిలో చేతివాటం ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. కూలి చేతికి సరిగ్గా అందిన ఆవిడ ఎవరికి ఫోన్ చేసి చెబుతుంది? సర్వేలో నేరుగా అడిగితే, లబ్ధిదారుల్లో 90 శాతానికి పైగా కొత్త పద్ధతే కావాలన్నారు. ఆ లెక్క చేతిలో ఉండటం పథకం నిలబడటానికి సాయపడింది. నష్టపోయే కొద్దిమంది గొంతు జిల్లా కేంద్రం దాకా వినిపిస్తుంది. లాభపడిన లక్షలమంది గొంతు వినాలంటే ఎవరో ఇంటికెళ్ళి అడగాలి. కొలత అవసరం పథకం మొదలయ్యాక ఇంకా పెరుగుతుంది. మనమేమో పైలట్, అంటే మొదటి చిన్న ప్రయోగం, అయిపోగానే కొలవడం మానేస్తాం.

ఇక ఈ హాల్లో ఉన్నవాళ్ళను అడగదలుచుకున్నవి. ఎంఏ ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ఉన్నారు, గ్రూప్ 1కి చదువుతున్నవాళ్ళు ఉన్నారు, సచివాలయాల్లో పనిచేస్తున్నవాళ్ళు ఉన్నారు. మీరు ఏ కొత్త పథకం మీద రాసినా, మామూలు మండలంలో, మామూలు సిబ్బందితో, ఖాళీలు ఖాళీలుగానే ఉన్నచోట ఒకసారి నడిపి చూడమని రాయండి. పైలట్‌కు ఏరికోరి మంచి ఎంఈఓ ఉన్న మండలాన్ని ఇవ్వకుండా లాటరీ వెయ్యమని అడగండి. కొత్త పని ఒకటి చెప్పినప్పుడు, ఆ మనిషి దగ్గరనుంచి ఏ పాత పని తీసేస్తున్నారో కూడా జీఓలోనే రాయాలని పట్టుబట్టండి. టీచరు చేత మరుగుదొడ్డి ఫొటోలు యాప్‌లో ఎక్కించిన కాలం మనం చూశాం. అలాంటి రోజుల్లో ఏ బోధన పద్ధతి తెచ్చినా దానికి మిగిలే గంట ఏది?

కింది ఉద్యోగులకు నా మాట ఇంకొకటి. ఏది పనిచేస్తుందో, ఏది రిజిస్టర్‌లో మాత్రమే పనిచేస్తుందో అందరికంటే ముందు మీకు తెలుస్తుంది. అది పైకి చెప్పడానికి ఇప్పుడు సరైన దారి లేదు. టెలికాన్ఫరెన్సులో "అయింది సార్" అనడానికే వీలుంటుంది. మండల సమీక్షల్లో పది నిమిషాలు, శాతాలేవీ అడగకుండా, ఈ నెల ఏ పని కుదరలేదు, ఎందుకు కుదరలేదు అన్న రెండు ప్రశ్నలకు కేటాయించి, ఆ జవాబులకు ఎవరి మీదా మెమో ఇవ్వకుండా ఉండగలిగితే, నాకు తెలిసి పరిశోధకులకు అంతకంటే విలువైన సమాచారం ఇంకెక్కడా దొరకదు. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, కలెక్టర్ గారి అనుమతి చాలు. ఎన్టీఆర్ జిల్లాలోనో, గుంటూరు జిల్లాలోనో రెండు మూడు మండలాల్లో ఇది మొదలుపెట్టడానికి ఎవరైనా ముందుకొస్తే, ఆ జవాబుల్ని రాసుకుని క్రోడీకరించే పని మా బృందం చేస్తుంది. సభ అయ్యాక ఇక్కడే ఉంటాను, పేర్లు ఇవ్వండి.